ఆముదం పెట్టిన కారు

ఆ రోజుల్లో భిలాయిలో ఏ వస్తువూ తన అసలు రంగులో రెండు పూటలు ఉండేది కాదు. ఉక్కు ప్లాంటు వైపు నుంచి గాలి తిరిగితే చాలు, ఆరేసిన దుప్పటి, పెరట్లో అరటాకు, వరండాలో కునుకు తీసే ముసలాయన బట్టతల, అన్నీ ఒకే ఎర్రరంగులోకి వచ్చేసేవి. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన మాబోటివాళ్ళం మొదట్లో ఆ దుమ్ము చూసి ఏడ్చాం, తరువాత తిట్టాం, ఆ తరువాత పొద్దున్నొకసారీ సాయంత్రమొకసారీ తుడుచుకోవడం నేర్చుకున్నాం. జీతం వచ్చే చోటునుంచే దుమ్మూ వచ్చేది కనుక మరీ గట్టిగా తిట్టేవాళ్ళం కాదు. ఇప్పుడు అంత దుమ్ము లేదు. ఉన్నదాన్ని తుడిచే ఓపికా ఎవరికీ లేదు.

ఇదంతా ఎందుకు గుర్తొచ్చిందంటే, మొన్న ఆదివారం మా మనవడు ఇప్పుడు మేముండే వైశాలి నగర్ ఇంటి ముందు తన కారు దగ్గర గొంతుక్కూర్చుని దానికి ఏదో పూస్తున్నాడు. వాడిది ఎవరో వాడి వదిలేసిన పాత కారు. (ఆ విషయంలో మాత్రం వాడు నా మనవడే.) చక్రాల పైనా తలుపుల కిందా ఉండే నల్ల ప్లాస్టిక్ అంచులు ఎండకి పాలిపోయి బూడిదరంగులోకి వచ్చాయట. వాటికి నలుపు తెప్పించే మందు పోస్టులో తెప్పించాడు. సీసా చూస్తే అరచేతిలో దాక్కునేటంత ఉంది. పక్కనే వాడి పెళ్ళాం, పెళ్ళై ఇంకా ఏడాది తిరగని పిల్ల, గుడ్డ పట్టుకుని నిలబడింది.

"దీనికి ఇంత మందేటిరా? ఆముదం రాస్తే చాలదేటి?" అన్నాను.

"నానమ్మా, ఏ బాల్ నహీ హై, ప్లాస్టిక్ హై" అన్నాడు వాడు, ఇది జుట్టు కాదు ప్లాస్టిక్ అని. ఆ పిల్ల ఫక్కుమని నవ్వి, నేను పెద్దదాన్ని కదా అని మళ్ళీ నోటికి గుడ్డ అడ్డం పెట్టుకుంది. నేను లోపలికి వెళ్ళి ఆముదం సీసా తెచ్చి, వెనక చక్రం దగ్గర ఒక్క మూల నాకు వదిలేయమన్నాను. వాడు వదిలేశాడు. చుక్క వేసి గుడ్డతో రుద్దితే ఆ మూల నల్లగా తేలింది. వాడి మందుకీ నా ఆముదానికీ తేడా ఏమిటో ఇద్దరూ వంగి చూశారు గాని తేల్చలేకపోయారు. తేడా మర్నాటి పొద్దున్న తెలుస్తుంది. అది నాకు తెలుసు. వాళ్ళకి చెప్పలేదు.

నాకు తెలిసిందీ ఆ ఎర్రదుమ్ము రోజుల్లోనే. అప్పటికి నాకు పెళ్ళై రెండేళ్ళు కాలేదు. భిలాయిలోనే, మరోదాలో మా మామగారి క్వార్టరు. రెండు గదులు, ఒక వరండా. వాటిలో అత్తగారు, మామగారు, మరుదులు, చదువుకోడానికి వచ్చిన చుట్టాల పిల్లలు, మేమిద్దరం. ఆ ఇంట్లో ఎవరైనా తుమ్మితే ముగ్గురు చిరంజీవ అనేవారు. అలాంటి ఇంటికి మా ఆయన ఒకరోజు ఎవరినీ అడక్కుండా ఒక కారు తోసుకొచ్చారు. (తోలుకొచ్చారు అని రాయబోయాను. కానీ ఆ రోజు వీధి మలుపునుంచి తోసుకొచ్చారు.) బదిలీ మీద వెళ్ళిపోతున్న ఒక ఆఫీసరుగారు వదిలించుకున్న బండి అది. మా వీధిలో అందరికీ సైకిళ్ళు, మాకు కారు. కారు కదలని రోజుల్లో మాకూ సైకిలే. మా అత్తగారు దాని చుట్టూ ఒకసారి తిరిగి, "దీనికంటే గేదె నయం కాదేటిరా" అని లోపలికి వెళ్ళిపోయారు.

నేనూ మొదట ఆవిడ పక్షమే. రూపాయి ఖర్చు పెట్టేముందు దాన్ని రెండువైపులా చూసే పిల్లని, నాకు కారెందుకు? కానీ వారం తిరిగేసరికి దాని ఉపయోగం తెలిసింది. సాయంత్రం డ్యూటీ నుంచి వచ్చి టీ తాగాక ఆయన అందరికీ వినబడేలా, "కారు తుడవాల, నీళ్ళు పట్టుకురా" అనేవారు. నేను బాల్చీ పట్టుకెళ్ళేదాన్ని. ఒక పక్క తుడిచేవాళ్ళం, రెండో పక్కకి వెళ్ళేముందు కాసేపు లోపల కూర్చునేవాళ్ళం. ఆ రెండో పక్క చాలా రోజులు తడి ఎరగదు. అంతసేపూ ఏం మాట్లాడుకున్నారు అని అడిగితే, చెప్పుకోదగ్గది ఒక్కటీ లేదు. రేషను బియ్యంలో రాళ్ళ గురించి, ఆయన షిఫ్టులో ఒకాయన గురక గురించి, మా అమ్మ చేసే చింతచిగురు పప్పు గురించి. కానీ ఆ మాటలు మా ఇద్దరి మధ్యే ఉండేవి. ఆ ఇంట్లో మాకంటూ తలుపు వేసుకునే గది అదొక్కటే. దానికి నాలుగు తలుపులు.

ఆ కారు ఒంట్లో యంత్రం ఎలా ఉండేదో నాకు తెలీదు గాని, పైన మాత్రం అన్నీ ఊడిపోయేవే. తలుపుల మీద అడ్డంగా పోయే తళతళల పట్టీలు చివర్లు లేచి కొక్కేల్లా నిలబడి ఉండేవి. అద్దాల చుట్టూ రబ్బరు ఎండి, బీటలు వారి, వేలితో గీకితే పొడి రాలేది. మేం దాన్ని పట్టించుకోలేదు, మా వదిన భర్త మొదటిసారి ఆ కారు ఎక్కేదాకా. వదినంటే మా ఆయన అక్క. విజయనగరంలో ఇచ్చారు. ఆమె భర్త, నాకు అన్నయ్యగారు, ఇస్త్రీ నలగని తెల్ల పంచె, తెల్ల లాల్చీ తప్ప ఇంకోటి కట్టని మనిషి. ఆయన కూర్చుంటే కుర్చీయే సర్దుకు కూర్చునేది. ఆయన్ని దుర్గ్ స్టేషన్లో రైలెక్కించడానికి ఆ కారులో తీసుకువెళ్ళారు. ఆయన దిగారు. మా ఆయన బండి కాస్త పక్కకి పెడదామని ముందుకి పోనిచ్చారు. అన్నయ్యగారు దిగారు గాని పంచె దిగలేదు. పట్టీ కొక్కేనికి కొంగు చిక్కుకుని కారుతోపాటు నాలుగు రిక్షాలు దాటి వెళ్ళిపోయింది. లాల్చీ మోకాళ్ళదాకా ఉండబట్టి సరిపోయింది. (రిక్షావాళ్ళు తలలు తిప్పుకున్నారట. అందరూ ఒకేసారి తిప్పుకున్నారట. అదే ఆయనకి ఎక్కువ కష్టమనిపించిందట.)

ఆ వార్త విన్న రాత్రి మా అత్తగారు అన్నం వడ్డిస్తూ తీర్పు చెప్పేశారు. "మీ నాన్న షష్టిపూర్తికి అల్లుడుగారు మళ్ళీ వస్తారు. రిక్షాలో రప్పిస్తే కారుండి పంపలేదంటారు. కార్లోనే తెస్తావు. ఆయన బట్టకి నూలుపోగంత తేడా వచ్చిందా, మర్నాడు పాతినుము కొనే కబాడీవోడొచ్చి పట్టుకెల్తాడు దాన్ని. నానే ఎనకనించి తోసి మరీ ఇస్తాను." మా ఆయన నావైపు చూశారు. నేను మజ్జిగ వైపు చూశాను. మిగతావాళ్ళకి అది కారు సంగతి. మా ఇద్దరికీ అది గది సంగతి.

దుర్గ్‌లో ఒక సర్దార్జీ మెకానిక్కుకి చూపించాం. ఆయన రబ్బరు మీద గోటితో గీరి, పొడి ఊది, "భాభీజీ, ఏ తో మర్ చుకా హై" అన్నాడు. అన్నీ కొత్తవి కలకత్తా నుంచి తెప్పించాలన్నాడు. చావలేదు, ఎండింది అన్నాను నేను. నూనె లేని జుట్టుని మీరు చచ్చిపోయిందంటారా అని అడగమన్నాను మా ఆయనతో. ఆయన అడగలేదు. (సర్దార్జీని జుట్టు గురించి ఏమడుగుతాం అన్నారు దారిలో.) షిఫ్టులో ఎవరో లోపలనుంచి మంచి ఉక్కు పట్టీ ఒకటి బయటికి తెచ్చిపెడతానన్నాడట. ఆ మాట ఇంకా పూర్తి కాకుండానే, "ప్లాంటు వస్తువు మన గడప దాటి లోపలికొస్తే, నేను గడప దాటి బయటికి పోతాను" అన్నాను. ఆయన మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. ఇరవై ఏళ్ళు లేని పిల్లని, అంత మాట అనడానికి నాకు ధైర్యం ఎక్కడిదో. ఆ గొంతే తరవాత నాకు ఉండిపోయింది, మా ఇంట్లో అందరూ అదే గొంతు విని పెరిగారు.

కనుక ఉన్నవాటితోనే పని. ఆయన పాత సైకిలు ట్యూబు రిబ్బన్లుగా కోసి పట్టీల వెనక కూరి, మరలు బిగించి, లేచిన కొక్కేలని ఆకురాయితో అరగదీశారు. నేను పట్టీలని చింతపండు పెట్టి ఇత్తడి కుందుల్ని తోమినట్టు తోమాను. ముఖం చూసుకోవచ్చు, కాస్త పొడుగ్గా కనిపించేది అంతే. ఇక రబ్బరు. రేపు పొద్దున్న బండి స్టేషనుకి వెళ్ళాలనగా, ఆముదం గోరువెచ్చగా కాచి, పాత గుడ్డ ముంచి, అద్దాల చుట్టూ, తలుపుల అంచుల వెంట, ఒక్క బీట వదలకుండా పట్టించాను. ఒంటికి పెట్టుకోడానికే పొదుపు చేసే ఆముదం, ఆ రోజు మాత్రం చెయ్యి ఆగలేదు. తాగినంత తాగింది. చీకటి పడే వేళకి ఆ అంచులన్నీ తలంటికి కూర్చోబెట్టిన పిల్ల జుట్టులా నల్లగా నిగనిగలాడాయి. మా ఆయన చుట్టూ తిరిగి చూసి, "కలకత్తా అక్కర్లేదు" అన్నారు. ఆయన నన్ను మెచ్చుకోవడం అంటే అంతే. అది చాలు.

ఆ రాత్రి పడుకునేముందు నేను పెరట్లో నులకమంచం మీద సగం ఎండిన గుమ్మడి వడియాలకి పాత చీర కప్పి, ఎగరకుండా నాలుగు మూలలా రాళ్ళు పెట్టాను. నీళ్ళ కుండ మీద మూత పెట్టాను. ఆవకాయ జాడీ మూతికి ఇంకో గుడ్డ బిగించి కట్టాను. తడిగా గాని జిడ్డుగా గాని ఉన్నదేదీ బయట మూత లేకుండా ఉంచకూడదని మా వీధిలో నడకొచ్చిన ప్రతి ఆడపిల్లకీ తెలుసు. కారుకి కూడా కప్పాలని నాకు తోచలేదు. కారు తినేవస్తువు కాదు కదా.

పొద్దున్నే ఆయన గొంతు వినిపించింది. పెద్దగా కాదు, జ్వరం వచ్చినవాడిలా పిలిచారు. వెళ్ళి చూస్తే గాలి రాత్రంతా ప్లాంటు వైపునుంచే వీచినట్టుంది. మామూలు దుమ్మయితే ఒక దులుపుకి పోతుంది. ఇది ఆముదం పట్టుకుని కూర్చుంది. ప్రతి అద్దం చుట్టూ, ప్రతి తలుపు అంచునా, ముందూ వెనకా, బొటనవేలి వెడల్పున చిక్కటి ఎరుపు.

"ఏటిది? కారుకి పారాణెట్టీసేవేటి?" అన్నారు ఆయన.

గుడ్డ పెట్టి తుడిస్తే ముద్దయింది. ఇంకా తుడిస్తే ఆ ముద్ద కారు తెల్ల రంగు మీదికి పాకింది. కిరసనాయిలు తెస్తానంటే రబ్బరు ఉబ్బుతుందన్నారు. రైలు టైము దగ్గరపడింది. ఈలోగా మా అత్తగారు ముగ్గు గిన్నెతో వాకిట్లోకి వచ్చి, కారుని ఒకసారి, నన్ను ఒకసారి చూశారు. తిట్టలేదు. "నువ్వూ ఎల్లు. అల్లుడుగారికీ ఆ కారుకీ నడుమ నువ్వుండు" అన్నారు. నేను వడియాల మీది చీర లాక్కుని ఎక్కాను.

స్టేషన్లో అన్నయ్యగారు రైలు ప్రయాణం చేసినట్టే లేరు, పెట్టెలోంచి తీసినట్టున్నారు. ఆయన కారు దగ్గరికి వచ్చేసరికి నేను తలుపు తీసి, చీరని తలుపు మీదనుంచి గుమ్మం మీదుగా సీటు దాకా పరిచి, రెండు చివరలూ పట్టుకుని నిలబడ్డాను. ఆయన ఆగారు. పోయినసారి జరిగింది గుర్తొచ్చి కాబోలు, ముందు పట్టీ కేసి చూశారు. తరువాత చీర కేసి చూశారు. ముఖం మెల్లగా విప్పారింది. "ఏటమ్మా ఇది, నడపావడా? నాకెందుకమ్మా ఇంత మర్యాద" అన్నారు. పెళ్ళిలో చాకలివాళ్ళు పరిచిన తరువాత మళ్ళీ ఆయనకి ఎవరూ బట్ట పరవలేదనుకుంటాను. నేను అవుననలేదు, కాదనలేదు. మా వదిన మాత్రం వెనక సీట్లో నా పక్కన కూర్చుని ముక్కు ఎగబీల్చి, "ఈ మర్యాదకి ఇంగువ వాసనేస్తంది" అంది.

అంతా బాగానే ఉందనుకునే వేళకి ముందు సీట్లో ఉన్న అన్నయ్యగారు హాయిగా వెనక్కి వాలి, కుడి చెయ్యి తన ఒడిలో పెట్టుకుని, ఎడమ మోచెయ్యి కిటికీ మీద ఆనించారు. సరిగ్గా రబ్బరు మీద. చెప్పకపోతే లాల్చీ పోతుంది. చెబితే ఆముదం సంగతి బయటపడి కారే పోతుంది.

"అన్నయ్యగారూ, చేతికి ఎండ తగుల్తోంది" అన్నాను.

"విజయనగరం ఎండ ముందు ఇదెంతమ్మా" అన్నారు ఆయన.

"ఎదర లారీలొస్తన్నాయి, చెయ్యి లోపలెట్టుకోండి" అంది మా వదిన, తన కారణం తనకుంది.

"లారీ దాని దార్న అది పోతాది. గాలాడనీయవే."

"గాలి మీకేనేటి? మాకు మీ లాల్చీయే అడ్డు."

అలా దుర్గ్ నుంచి మరోదా దాకా ఆమె చెయ్యి లోపలెట్టమనడం, ఆయన ఇంకాస్త బయటికి చాపడం. ఆయన మోచెయ్యి కదిలినప్పుడల్లా అద్దంలోంచి మా ఆయన కళ్ళు నాకు కనిపించేవి. అంత నెమ్మదిగా ఆయన బండి నడపడం నేను ఎప్పుడూ చూడలేదు. నెమ్మదిగా వెళితే మరక తక్కువవుతుందనుకున్నారో ఏమో.

ఇంటి దగ్గర అత్తగారు కాళ్ళకి నీళ్ళు పట్టుకుని సిద్ధంగా ఉన్నారు. నేను మళ్ళీ చీర పరిచాను. ఆయన పెళ్ళికొడుకులా దిగారు. ఆవిడ చూపు పంచె అంచు దగ్గర మొదలైంది. కుచ్చెళ్ళు తెల్లగా ఉన్నాయి. నడుము తెల్లగా ఉంది. భుజం తెల్లగా ఉంది. మోచెయ్యి దగ్గర ఆగింది. అక్కడ లాల్చీ చేతికి జానెడు పొడుగున ఎర్రటి పట్టీ, తోమి బిగించినట్టు ఉంది. మా ఆయన కారు వైపు చూశారు, రైలు కదిలేటప్పుడు కిటికీలో మనిషిని చూసినట్టు.

"అదిగో, సెప్పేనా?" అంది మా వదిన. "స్టేషన్లో ఎక్కింది మొదలు మొత్తుకుంటన్నాను. చిన్నపిల్లడిలాగ చెయ్యి బయటికెట్టుకుని ఊర్లో దుమ్మంతా ఎక్కించుకొచ్చేరు. అమ్మా, నువ్వేటీ అనకు. తమ్ముడు పువ్వులాగ తీసుకొచ్చేడు. కారు తప్పేటుంది ఇందులో?"

అన్నయ్యగారు చేతిని దులిపారు. మరక కదల్లేదు. ఆయన దాన్ని శ్రద్ధగా పరీక్షించి, "ఈ ఊరి దుమ్ము మా ఊరి దుమ్ములాటిది కాదత్తయ్యగారూ. పట్టుకుంటే వదల్దు" అన్నారు.

మా అత్తగారు కూతురి మాట కాదనలేక, అల్లుడి మాట కాదనలేక, "అలాటిదే బాబూ ఇక్కడి దుమ్ము. విప్పి ఇలాగివ్వండి" అన్నారు.

మధ్యాహ్నం పెరట్లో ఆ లాల్చీ ఉతకడానికి ఇద్దరం కూర్చున్నాం. సబ్బుకి లొంగలేదు. ఆవిడ లాల్చీ చెయ్యి ముక్కు దగ్గర పెట్టుకున్నారు.

"ఆముదం" అన్నారు.

"అవునత్తమ్మా."

"వడియాలకి చీర కప్పేవు. కారుకి కప్పకూడదేటి?"

ఆవిడ మరక మీద కుంకుడు రసం పోసి రుద్దుతూ, తల ఎత్తకుండానే, "నా పాత దుప్పటొకటి అటక మీదుంది. రేపట్నుంచి కారు మీదెయ్యి" అన్నారు. లాల్చీ చెయ్యి తిరగేసి, "సాయంత్రాలు మీరు తుడిసినంతసేపూ ఈ పిల్లల్నందర్నీ నా దగ్గర కూకోబెట్టి పురాణం సెప్తన్నాను. నా నోరు పడిపోతంది. కొంచెం తొందరగా తుడుసుకోండి" అన్నారు.

నేను తల దించుకుని కుంకుడుకాయలు నలగ్గొట్టాను. నలగవలసినదానికంటే ఎక్కువే నలిగాయి. షష్టిపూర్తి అయింది, కబాడీవాడు రాలేదు. కారు ఆ తరువాత చాలా ఏళ్ళు ఉంది. చివరికి తీసేసిన రోజున ఒక పట్టీ ఊడదీసి దాచాను. ఇప్పుడు ఆయనా లేరు, ఆ ఇల్లూ లేదు. పట్టీ మాత్రం అటక మీద ఉంది. దాచడానికి వేరే కారణమేమీ లేదు. దేనికైనా పనికొస్తుంది.

మొన్న ఆదివారం సంగతి పూర్తి కాలేదు. మసకపడ్డాక నాకు కారు మూల మీద రాసిన ఆముదం గుర్తొచ్చింది. అలవాటు చొప్పున ఒక పాత చీర తీసుకుని కప్పుదామని బయటికి వెళ్ళాను. వాళ్ళ పని ఎప్పుడో అయిపోయినట్టుంది, మందు సీసా మూతపెట్టి గోడ మీద ఉంది. ఇద్దరూ కారు లోపల కూర్చుని ఉన్నారు. ఏసీ వేసుకుని పెట్రోలు తగలేస్తున్నారేమో కేకలేద్దామని గేటు దాకా వెళ్ళాను. ఇంజను ఆగే ఉంది. అద్దాలు దించుకున్నారు. ఆ పిల్ల వాళ్ళ ఆఫీసులో ఎవరిదో టిఫిన్ డబ్బా మారిపోయిన కథ హిందీలో చెబుతోంది. పెద్ద కథేమీ కాదు. వాడు వింటున్నాడు. వరండా లైటు సరిగ్గా వాళ్ళ ముఖాల మీద పడుతోంది.

నేను చీర మడిచి చంకలో పెట్టుకుని వెనక్కి వచ్చి, ఆ లైటు ఆర్పేశాను.

"లైటెందుకు తీసీసేరత్తా?" అని వంటింట్లోంచి మా కోడలు అడిగింది.

"కరెంటు దండగ" అన్నాను.

"పిల్లలేరీ? అన్నానికి పిలవనా?"

"వొద్దు. కారు తుడుస్తన్నారు."

చీకట్లో ఏం తుడుస్తారని ఆవిడ ఇంకేదో అడిగింది. నాకు వినబడలేదు. (వినబడలేదనే అన్నాను.) కుర్చీలో కూర్చుని చీర ఒళ్ళో పెట్టుకుంటే, వేళ్ళకి ఆముదం వాసన ఇంకా ఉంది. కడుక్కోవాలి. కాసేపాగి కడుక్కుందాంలే అనుకున్నాను.